ఎడమ సున్నా

రండి రండి, దగ్గరికి జరగండి. ఫోన్లు జేబులో పెట్టి, ముచ్చట్లు ఆపండి. సూర్యప్రభ బండి ఇప్పుడే ఆగిపోయింది.

ఆగింది ఎక్కడో కాదు, నాగోల్ డ్రైవింగ్ టెస్ట్ ట్రాక్ మీద గీసిన ఎనిమిది అంకెకు సరిగ్గా నడుము దగ్గర. కుడి సున్నా చుట్టూ స్కూటీని పాయసంలో గరిటెలా తిప్పింది. ఎడమ సున్నా రాగానే చేతులు బిగుసుకుని కాలు కింద పెట్టేసింది. పోయినసారీ ఇక్కడే ఫెయిల్, అంతకుముందూ ఇక్కడే. ఎల్‌ఎల్‌ఆర్ గడువు ఈ సాయంత్రంతో సరి. రేపటి నుంచి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళకు క్యారేజీలు చేరవేసే పని దొరికింది కానీ, లైసెన్సు చూపిస్తేనే ఇస్తామన్నారు.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికొచ్చి, బండి ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. ఎల్బీనగర్‌లో, తమ కాలనీ ఆంజనేయస్వామి గుడి చుట్టూ అని చెప్పింది. ప్రాక్టీసూ ప్రదక్షిణలూ కలిసొస్తాయని రోజూ పొద్దున్నే స్కూటీ మీదే తిరిగిందట. ఎంత అలవాటైపోయిందంటే, ఎడమ సందులో పాలప్యాకెట్ కావాలన్నా కుడికి మూడు వీధులు చుట్టి వెళ్ళేది.

ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"గుడి సుట్టు కుడికే తిరుగుతరు తల్లీ. గీ ఎనిమిదిల సగం ఎడమకుంటది."

"ఎడమకు తిప్పబోతే స్వామికి ఎదురు తిరిగినట్టు ఉంటుందండీ. చేతులు రావట్లేదు."

"ఇంకొక్క ఛాన్స్ ఇస్త. గంతే."

టెస్టుకొచ్చి వెనక వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. సెకండ్‌హ్యాండ్ బండ్లు అమ్మే బాల్‌రాజ్ ఒక్కడే నవ్వకుండా, ఏదో లెక్క తప్పినవాడిలా చూస్తున్నాడు. సూర్యప్రభ ఎవరినీ పట్టించుకోలేదు. బండి తోసుకుంటూ మొదటికొచ్చి కళ్ళు మూసుకుంది.

"స్వామీ, తప్పు నాదే. నువ్వు కుడిపక్కనే ఉంటావనుకున్నాను. ఇప్పుడు ఎడమకు తిప్పుతున్నా. అటూ నువ్వే ఉన్నావు, నాకు తెలుసు."

కుడి సున్నా అయింది. నడుము వచ్చింది. పళ్ళు బిగించి హ్యాండిల్ ఎడమకు వంచింది. బండి వణికింది, ఆమె వణికింది, సున్నా మధ్యలో పెట్టిన ప్లాస్టిక్ కోను కూడా వణికిందని చూసినవాళ్ళు ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు. కాలు మాత్రం కిందికి దిగలేదు.

ఇన్‌స్పెక్టర్ పాసని తలూపాడు. సూర్యప్రభ బండి దిగి, ఆ కోనుకే దణ్ణం పెట్టుకుంది.

అప్పుడు బాల్‌రాజ్ మెల్లగా దగ్గరికొచ్చి, ఎవరూ వినకుండా ఆమెకు ధైర్యం చెప్పాడు.

"అక్కా, ఎడమకు తిరిగినవ్ గదా, నీ పుణ్యం మీటరు ఎన్కకు తిరిగుంటది. పరేషాన్ గాకు. మా షాపుల అమ్మే బండ్ల కిలోమీటర్ల మీటర్లు ఎప్పుడైనా ఎన్కకే తిప్పుతం, నీ కోసం ఒక్కపారి ముందుకు తిప్పిస్త."