కన్నాల్లేని కథ

"రెండో దెబ్బకి పడాలండీ. మొదటి దెబ్బకే పడిపోతే గోడ మీద అంత ఎత్తున రక్తం ఎలా పడుతుంది?" అంది భార్య.

రచయిత తలూపి, లాప్‌టాప్ తెర మీది ఎర్ర కార్డును పక్కకి జరిపాడు. సీనుకో కార్డు. నీలం కార్డులు మాటలవి, ఎర్రవి దెబ్బలవి. ఈ కథలో ఎర్రవే ఎక్కువ. ఒక్కో కార్డుకీ ఫొటోలు తగిలించి ఉన్నాయి. హాలు, పెరటి తలుపు, పగిలిన అద్దం.

పదేళ్ళుగా అతని కథల్లో కన్నాలు పట్టేది ఆమే. రాసేది అతను, నలుగురి ముందు చెప్పేది ఆమె. ఆమె చెబితే రాయి కూడా నమ్ముతుంది.

ఈసారి గడువు రేపు పది గంటలకి.

"వినేవాళ్ళు ఆరితేరినవాళ్ళు. ఒక్క కన్నం దొరికినా నా బతుకు బస్టాండే" అన్నాడు.

"అయితే మొదట్నించీ చెప్పండి."

"మొగుడు ఊళ్ళో లేడు. దొంగ పెరట్లోంచి వచ్చాడు. ఇల్లాలు అడ్డుపడింది. జుట్టు పట్టుకుని అద్దానికేసి కొట్టాడు. కేకలు పెట్టింది. డంబెల్ తీసుకుని నెత్తిన రెండేశాడు. పడ్డాక ఇంకొకటి."

ఆమెకి ఒళ్ళు జలదరించింది. మంచి కథకి ఆ మాత్రం బలం ఉండాలి మరి.

"పడ్డాక కూడానా? దొంగకి అంత కసి దేనికి? అది మొగుడి కసి అనుకుంటారు."

రచయిత మొహం మాడిపోయింది. కాసేపు గోళ్ళు కొరికాడు.

"ఆవిడ వాడి ముసుగు లాగేసింది. మొహం చూసేసింది."

"ఆఁ, ఇప్పుడు అతికింది."

పొగిడితే మురిసిపోని రచయిత ఇంకా పుట్టలేదు. అతను మురిసిపోయి, టీ కప్పు తనే ఆమె నోటికి అందించాడు. గది తుడుస్తున్న మనిషి అది చూసి నిట్టూర్చింది.

"ఎంత అన్యోన్యమో! మా ఆయన నాతో సరిగ్గా మాట్లాడి ఏడాదయింది."

ఆ పనిమనిషి వెళ్ళాక భార్య ఒక కన్ను మూసుకుని తెరకేసి చూసింది.

"ఇంకొకటుంది. డంబెల్ ఏమైంది?"

"వాడే పట్టుకుపోయాడు."

"నగలొదిలేసి ఇనుము మోసుకుపోయాడా? చిన్నపిల్లలు కూడా నవ్వుతారు."

అతనికి పౌరుషం పొడుచుకొచ్చింది. తిట్టినా పడతాడు గాని, కథ అతకలేదంటే పడడు.

"పట్టుకుపోలేదు. మేడ మీద నీళ్ళ ట్యాంకులో పడేశాడు. అందులో ఎవడు చూస్తాడు?"

"భలే! ఇక కన్నాల్లేవు" అంది.

రచయిత లాప్‌టాప్ మూసేసి, కుర్చీలోనే హాయిగా కునుకు తీశాడు.

మర్నాడు సరిగ్గా పది గంటలకి ఎస్సై ఆస్పత్రి మంచం పక్కకి కుర్చీ లాక్కుని "మీ తల ఎలా పగిలిందమ్మా?" అని అడిగితే, పన్నెండు కుట్లు పడ్డ తలని మొగుడి వైపు తిప్పకుండానే ఆమె, "డంబెల్ మా మేడ మీద ట్యాంకులో ఉందండీ, ముందది తీయించండి" అంది.