అయిదు నిమిషాల గడువు

“ఇంకా రాలేదా?” ఆపరేటర్ కుర్చీ వెనకాలే నిలబడి మీసాల ఆఫీసర్ మూడోసారి అడిగాడు.

“వస్తే నేనేమన్నా కొంగున ముడేసుకుంటానా సార్?” అందామె.

రెండు మహా దేశాల మధ్య మాటా మంతీ మిగిలింది ఆ ఇరుకు గదిలోని రెండు టెలిప్రింటర్ల మీదే. ఒకటి పంపడానికి, ఒకటి అందుకోవడానికి. రాయబారులు ఎప్పుడో పెట్టే బేడా సర్దుకుని పోయారు. నడిసముద్రంలో రెండు నౌకాదళాలు మూడు వారాలుగా ఎదురెదురుగా నిలబడి పళ్ళు నూరుకుంటున్నాయి. ముందు వరస ఓడలో ఆపరేటర్ తమ్ముడున్నాడు. ఒక్క గుండు పేలినా మొదట మునిగేది ఆ ఓడే. అది తలుచుకుంటే ఆమెకి ముద్ద దిగడం లేదు.

పద్ధతి ఒకటుంది. గంట గంటకీ ఇక్కణ్ణుంచి ఓ పరీక్ష సందేశం వెళ్ళాలి. అయిదు నిమిషాల్లో అవతల్నుంచి జవాబు రావాలి. రాజకీయం ఒక్క ముక్క ఉండకూడదు. వానలు, మేకలు, గొడుగు బాగుచేయడం, ఏదైనా సరే. జవాబు రాలేదో, శత్రువు తీగ తెంపేసి దాడికి దిగుతున్నాడని లెక్క. ఇక్కడ క్షిపణుల తాళాలు తీసేస్తారు.

పదకొండు గంటల సందేశం వెళ్ళి మూడు నిమిషాలైంది.

“కావాలనే చేస్తున్నారు దొంగ వెధవలు.” ఆఫీసర్ కుర్చీ వీపు మీద గుద్దాడు. “ఇవాళ్టితో వాళ్ళ పీడ విరగడైపోవాలి.”

“వాళ్ళ వంశం నాశనం కాను!” ఆపరేటర్ గయ్యిమంది. “మా తమ్ముణ్ణి అక్కడ ఎండకీ వానకీ నిలబెట్టి ఆటలాడుతున్నారా? ఇంకా చూస్తారేంటి సార్? వెళ్ళి పైవాళ్ళకి ఫోన్ చెయ్యండి!”

“ఇంకా రెండు నిమిషాలుందిగా.”

“మీరు నంబరు తిప్పి, వాళ్ళు ఎత్తి, మీరు చెప్పేసరికి ఆ రెండూ అయిపోవూ? ఇలా నానబెడుతూ కూర్చుంటే వాళ్ళే ముందు వేస్తారు. వెళ్ళండి సార్, మీకు దణ్ణం పెడతా!”

ఆడమనిషికున్న పౌరుషం తనకి లేకపోయిందే అని సిగ్గుపడ్డాడో ఏమో, మీసాలాయన పక్కగదిలోకి పరుగెత్తాడు. ఫోన్ అందుకున్నాడు. నంబరు తిప్పాడు. “సార్, అవతల్నుంచి...” అంటుండగానే ఇవతల మిషన్ టకటకలాడింది.

“ఆగండి, వచ్చి చచ్చింది!” ఆపరేటర్ కేకేసింది.

ఆయన ఫోన్ పెట్టేసి వచ్చి కాగితం లాక్కున్నాడు.

“‘మా మేక రెండు పిల్లల్ని ఈనింది. రెండూ నల్లవే.’ థూ! లోకం తగలబడుతుంటే వీళ్ళకి మేకల గోల. సరిగ్గా అర నిమిషం ఉందనగా పంపుతాడా? మనతో చెలగాటమాడుతున్నాడమ్మా వాడు!”

“వాడి చేతులు పడిపోను,” అందామె నుదుటి చెమట తుడుచుకుంటూ.

ఆఫీసర్ కాగితం మీద సంతకం గీకి, గొణుక్కుంటూ తన గదికి పోయాడు. అతని బూట్ల చప్పుడు సన్నగిల్లేదాకా ఆగి, ఆమె లేచి తలుపు దగ్గరగా వేసింది.

సముద్రం అడుగున తీగ పొద్దున ఎనిమిదింటికే తెగిపోయిందనీ, అప్పటి నుంచి శత్రువు పేరుతో వస్తున్న జవాబులన్నీ అందుకునే మిషన్ మీద తానే టైపు చేస్తోందనీ ఆమె ఒక్క ప్రాణికి కూడా చెప్పలేదు.