మలుపు దగ్గర బోయా

పన్నెండేళ్ల కిందట పొగమంచులో ఎల్లాజీ తెప్పను మరబోటుతో గుద్ది అతన్ని చంపిన సరంగు మసేను, "నాకు అవుపడ్లేదు" అని ఒట్టేసి బయటపడ్డాడు.

ఇప్పుడు తెప్పలకు కూడా జాడ చెప్పే బిళ్లలు కట్టారు. సముద్రం మీద ఏదీ రేవు ఆఫీసులోని కంప్యూటరు తెరకు కనపడకుండా పోదు. ఆ తెర ముందు కూర్చునేది ఎల్లాజీ కూతురు నూకరత్నం. మలుపు దగ్గర దారి గుర్తుగా నీళ్లపై తేలే బోయా పేరు చెప్పందే ఏ బోటుకూ రేవులోకి దారివ్వదు. ఆ బోయాకు పేరు పెట్టిందీ ఆమే.

ఈ పొద్దున మంచులో మసేను బోటు వచ్చి మలుపు దగ్గర ఆగింది. రేడియోలో అతని గొంతు పలికింది.

"దారియ్యమ్మా. సేప పాడైపోతాది."

"ఏ బోయా కాడున్నావు మావా?"



"ఎల్లాజీ," అని గొణిగాడు.

"అవుపడతన్నాడా?"

"అవుపడతన్నాడమ్మా."

"అయితే రా. రేపూ అడుగుతాను."