కిటికీలో రౌటర్

“నెట్ అంటే నాకు తెలిసింది దోమతెర గుడ్డేనమ్మా. దానికి తాళం వేయమంటే ఏ చిల్లుకని వేయను?” అన్నాడు దర్జీ, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి నవ్వలేదు. ఇంటర్నెట్ కంపెనీలో పనిచేసే ఆమెకు వీధి పెట్టిన పేరు నెట్టమ్మాయి. పొద్దుటి నుంచి ఏ గుమ్మం ఎక్కినా మర్యాదగా బయటికి నెట్టేస్తున్నారు కాబట్టి ఆ పేరు ఇవాళ మరీ అతికినట్టుంది. ఒకాయన మా ఇంట్లో దోచుకోవడానికి ఏముందన్నాడు. తలుపుకి మూడు తాళాలు వేసి, మూడూ లాగి చూసుకుంటున్న లెక్చరరు, రౌటర్ సంగతి రేపు చూద్దామన్నాడు. బతిమాలీ బామాలీ అందరి చేతా పాస్‌వర్డ్ మార్పించేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది. ఇక వీధిలో మిగిలింది ఈ దర్జీ ఇల్లొక్కటే. ముందు కొట్టు, వెనక కాపురం.

“బాబాయ్, మీ రౌటర్‌కి పెట్టెతో పాటు వచ్చిన పాస్‌వర్డే ఇంకా ఉంది. ఈ రకం రౌటర్లన్నిటికీ అదే. ఊరందరికీ ఒకే తాళంచెవి పంచినట్టు.”

“పదే పాసవనివాడికి పాస్‌వర్డెందుకమ్మా. దర్జీ ఇంట్లో దర్జా ఎక్కడిది, దోచుకోవడానికి? కుట్టుకునేవాడి మీద కుట్ర ఎవడు చేస్తాడు?”

“మిమ్మల్ని దోచుకోరు. మీ ఇంటి నిచ్చెన వేసుకుని ఇంకొకళ్ల ఇంట్లోకి దిగుతారు. మీ ఫోనివ్వండి, అందులోంచే మార్చి చూపిస్తాను.”

దర్జీ జేబులోంచి పాత నొక్కుడు ఫోను తీశాడు. “గుండీలు కుట్టేవాడికి గుండీల ఫోనే.”

“పోనీ పిన్నిగారిది?”

“మా ఇద్దరికీ అదొక్కటే,” అంది ఆయన భార్య, మిషను ఆపకుండానే.

నెట్టమ్మాయి కొట్టంతా కలయజూసింది. టీవీ లేదు, కంప్యూటర్ లేదు. “మరి ఈ నెట్ ఎవరికి?”

భార్య చూపు మూలన గుడ్డ కప్పి ఉన్న మూడో మిషను మీదికి పోయింది.

“ఆ మిషను తొక్కేవాడు పెట్టించాడు,” అన్నాడు దర్జీ. “ఒకనాడు మాటా మాటా పెరిగింది. ఇక ఈ గడప తొక్కనన్నాడు. తొక్కకపోతే పోరా అన్నాను. పోయాడు.”

“వెళ్లిపోయిన పనివాడి దగ్గర పాస్‌వర్డ్ ఉండటం ఇంకా ప్రమాదం. ఒకసారి కలిసిన ఫోను ఇల్లు మరచిపోదు బాబాయ్. చుట్టుపక్కలకి వస్తే చాలు, మనిషి తియ్యకపోయినా, జేబులో ఉండగానే దానంతట అదే కలిసిపోతుంది.”

“ఫోనుకున్న బుద్ధి...” అన్నాడు దర్జీ.

“కొత్తది పెడితే ఏమవుతుందమ్మా?” అంది భార్య.

“పాత ఫోన్లన్నీ బయటికి పోతాయి. ఇక కలవవు.”

మిషను ఆగింది.

రౌటర్ కిటికీ గట్టు మీద, వీధికి ఎదురుగా ఉంది. రెండు మిషన్లూ అటే తిరిగి ఉన్నాయి, వెలుతురు కోసం కాబోలు. కిటికీ అవతల రోడ్డు, రోడ్డు దాటితే బస్టాపు.

“దీన్నిక్కడ పెట్టారేంటి? సగం సిగ్నల్ ఆ బస్టాపుకే పోతుంది.”

“దానికీ కాస్త గాలాడాలి కదమ్మా.”

నెట్టమ్మాయి స్టూలు మీద కూలబడింది. ఏ ఇంట్లోనూ చెప్పని మాట ఇక్కడ చెప్పక తప్పలేదు.

“పోయిన నెల పెద్దాసుపత్రిలో కంప్యూటర్లు ఆగిపోయాయి, విన్నారా? ఎవడో ఎక్కడో కూర్చుని, తాళం మార్చని రౌటర్లు వేలకొద్దీ చేజిక్కించుకుని, ఒక్కసారిగా ఆ ఆసుపత్రి మీదికి ఉసిగొల్పాడు. అందులో మన వీధివీ ఉన్నాయి. మీదీ ఉంది. ఆ పూట మా నాన్న అక్కడే ఉన్నాడు. మూతి వంకరపోతోందని తీసుకెళ్లాను. తలకి తీసిన స్కాను డాక్టరు తెర మీదికి రాలేదు. వచ్చేసరికి చెయ్యి దాటిపోయింది.”

“ఇప్పుడెలా ఉన్నాడమ్మా?”

“ఉన్నాడు. మాట పడిపోయింది. నేను కనిపిస్తే ఏదో చెప్పాలని చూస్తాడు. పెదవులు కదులుతాయి. అంతే.”

దర్జీ కత్తెర బల్ల మీద పెట్టాడు. ఆయన నోట్లో ఎప్పుడూ నానే హాస్యం దారం తెగిన సూదిలా ఊరికే ఉండిపోయింది. మెడలో టేపు తీసి, చుట్టి, మళ్లీ విప్పాడు.

“కళ్లెదురుగా బిడ్డ ఉండీ మాట పెగలకపోవడం...” అని ఆగాడు. “మార్చెయ్యమ్మా.”

“ఏవండీ,” అంది భార్య.

“ఇంకో తండ్రికి అలా కాకూడదు కదే.”

ఆమె పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంత చిన్న పనికి అంత బాధ ఎందుకో నెట్టమ్మాయికి అర్థం కాలేదు. ట్యాబులో కొత్త పాస్‌వర్డ్ కొట్టింది. ఇక ఒక్క నొక్కు మిగిలింది.

బయట పొద్దు వాలుతోంది. రౌటర్ మీద ఇంతసేపూ నిలకడగా వెలిగిన పచ్చదీపం ఉన్నట్టుండి మినుకుమినుకుమంది. మొగుడూ పెళ్లాలిద్దరూ ఒక్కసారే తలెత్తారు.

“చూశారా, ఎవరిదో ఫోను కలిసింది. మీ ఇంట్లో అలాంటి ఫోనే లేదు. ఆ బస్టాపులో ఎవడో దొంగవెధవ అయి ఉంటాడు. ఇది నొక్కితే వాడి పీడ విరగడైపోతుంది.”

ఆమె వేలు తెర మీదికి దిగింది. దర్జీ అరచెయ్యి అడ్డం పడింది. ఆయన చూపు మాత్రం కిటికీ అవతలే ఉంది.

“ఒక్క క్షణం ఆగమ్మా,” అని, మళ్లీ తనే అన్నాడు:

“మా అబ్బాయి ఎక్కే బస్సు ఇంకా రాలేదు.”