ఏమన్నారు అల్మాజ్?

పక్షవాతం వచ్చాక ప్రొఫెసర్ సత్యప్రసాద్ గారికి తెలుగు పోయింది. ఇంగ్లీషూ పోయింది. హౌసా ఒక్కటే మిగిలింది.

నైజీరియాలో ఉన్నంతకాలం ఆయన ఆ భాష మీదే పనిచేశారు. వ్యాకరణం రాశారు. లావుపాటి నిఘంటువు వేశారు. ఆ పేరు చూసే బహ్రెయిన్‌లో కాలేజీవాళ్లు పిలిచి ఉద్యోగమిచ్చారు. ఇప్పుడు అక్కడి అద్లియా పేటలోని ఫ్లాట్‌లో ఆయన ఏదన్నా అడిగితే వంటమనిషి లోవమ్మ తెల్లమొహం వేస్తుంది.

ఆయన మాట తెలిసిన మనిషి కావాలంటే ఏజెన్సీవాళ్లు ఒక ఆఫ్రికా పిల్లను పంపారు. పేరు అల్మాజ్. ఇథియోపియా నుంచి వచ్చింది. ఇంతకుముందు తెలుగువాళ్లింట్లో చేసింది కాబట్టి నాలుగు ముక్కలు తెలుగు వచ్చు.

మధ్యాహ్నం సాయికుమారి గారు భర్తకు జావ తాగిస్తారు. ఆయన ఏదో అంటారు. చెంచా ఆగిపోతుంది.

"ఏమన్నారు అల్మాజ్?"

"జావ బాగుందంట. నువ్వు తిన్నావా అంట."

ఆవిడ తలూపి మళ్లీ చెంచా ముంచుతారు. బీరువాలో నిఘంటువు మీద దుమ్ము రోజూ తుడుస్తారు. తెరవడం మాత్రం లోవమ్మ చూడలేదు.

లోవమ్మకు ఒకటి తోచింది. అయ్యగారు రోజూ అవే మాటలంటున్నట్టుంది. అర్థం మాత్రం రోజుకొకటి. ఉల్లిపాయలు తరుగుతూ అల్మాజ్‌ను నిలదీసింది.

అల్మాజ్ దాచలేదు. తన భాష వేరంది. హౌసా తానెప్పుడూ విననే లేదంది.

"అమ్మ మొహం చూస్తా. ఏది చెప్తే బాగుంటుందో అది చెప్తా."

లోవమ్మకు ఒళ్లు మండింది. బయటపెడితే పిల్ల ఉద్యోగం పోతుంది. ఊరుకుంటే, కట్టుకున్నాయన ఏమంటున్నాడో అమ్మగారికి ఎప్పటికీ తెలీదు. చేతులు కడుక్కుని గదిలోకి వెళ్లింది.

"ఆ పిల్లకి అయ్యగారి బాస ముక్క రాదండి. అన్నీ సొంతంగా అల్లేత్తందండి. పంపించేయండమ్మగారూ."

సాయికుమారి గారు గిన్నె కింద పెట్టారు. అయ్యగారు ఆవిడ వంక చూసి మళ్లీ అవే మాటలన్నారు.

"అల్మాజ్‌ను ఉండనీ."

"మరి ఆయనేమంటన్నారో మీకు తెలియద్దాండీ?"

ఆవిడ ఆయన మూతి తుడిచారు.

"ఆ నిఘంటువులో సగం మాటలు నేను రాసినవే లోవమ్మా, 'ఈ ముసలామె ఎవరు, బయటికి పంపండి' అంటున్నారు."