చెంపదెబ్బ పరీక్ష

గొంతులో చిప్పు పెట్టించుకుని ఊరందరూ గంధర్వులైపోయిన కాలం అది. చీరాలలోని ఆ చిన్న రేడియో స్టేషన్ మాత్రం మనిషి గొంతే వినిపిస్తానని పంతం పట్టింది. నెలనెలా కొత్త పాటలు ఎంచేది గురవయ్య. పాట మధ్యలో పాడేవాళ్ల చెంప ఛెళ్లుమనిపిస్తాడు. శ్రుతి తప్పితే మనిషే, రేడియోలో వేస్తారు. తప్పకపోతే చిప్పే, మెడపట్టి గెంటేస్తారు.

ఈ నెల పదకొండు మందిని కొట్టేసరికి అతని అరచెయ్యి మండిపోతోంది. ఆ కసికొద్దీ పన్నెండోదాన్ని, మగ్గం నేసే రాహేలుని, లాగి కొట్టాడు. పెదవి చిట్లి నెత్తురు కారింది. శ్రుతి వెంట్రుకవాసి కదల్లేదు.

"చిప్పు పెట్టించుకుని నన్నే మోసం చేస్తావుటే!" అంటూ జుట్టు పట్టుకున్నాడు.

"చిప్పు లేదండీ," అంది రాహేలు, నెత్తురు తుడుచుకుంటూ. "మా ఆయన కొట్టేటప్పుడు పిల్లలు జడుసుకోకుండా పాడుతూనే ఉంటాను. మీదేం దెబ్బండీ!"