ఆరోగ్యమ్మ జామచెట్టు

గుంటూరు శ్మశానంలో చోటు చాలక, పోయినవాళ్లను మన్నుగా మార్చి మీద మొక్క నాటడం మొదలై ఇరవై ఏళ్లయింది. చెట్లు విరగకాశాయి గానీ కాయ కొరికినవాడు లేడు. పళ్లు రాలి కుళ్లుతున్నాయని, చెట్లన్నీ కొట్టేయమని కాపలాదారు దానియేలుకు ఉత్తర్వు వచ్చింది.

రంపంతో వెళ్లేసరికి మొదటి జామచెట్టు కింద సలోమి కూర్చుని ఉంది. ఆ చెట్టు వాళ్లమ్మది, బడిలో వంటచేసిన ఆరోగ్యమ్మది.

"ఈ పళ్లు ఏంజేస్తారు బాబాయ్?"

"పూడ్చేస్తామమ్మా. ఎవరు తింటారు?"

"మెతుకు పారేస్తే మా అమ్మ ఊరుకునేది కాదు."

ఆమె పండు కొరికి, సగం ఆయన చేతిలో పెట్టింది. దానియేలు కళ్లు మూసుకుని నమిలాడు. తియ్యగా ఉంది.

రంపం అక్కడే వదిలేసి, గంపెడు పళ్లు బడికి మోసుకెళ్లాడు. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు వరుసకట్టారు, ఒకప్పుడు వాళ్ల అమ్మానాన్నలు ఆరోగ్యమ్మ ముందు నిలబడ్డట్టే.